మహారాజశ్రీ రెండో కోటు గారి దివ్యసముఖమునకు

ఎం.ఆర్.పల్లి, తిరుపతి
బుధవారం, సాయంత్రం ఆరున్నర

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు కూడా నాలుగు లీటర్ల డబ్బాలో, మూత కింద, మంచం అడుగున చల్లగా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

విషయం తమకు తెలిసిందే. మా గది గోడల మీదకి ఈరోజు కూడా తమరు రాలేదు.

ఈరోజు మాత్రం వస్తారని గట్టిగా నమ్మాను. ఆఫీసులో హాఫ్ డే సెలవు పెట్టాను. "మళ్ళీ పెయింటింగేనా?" అని మా సూపరింటెండెంటు గారు నవ్వితే, ఆ నవ్వు కూడా మింగి వచ్చాను. ఒకటిన్నరకల్లా అన్నం ముగించి వరండాలో కుర్చీ వేసుకున్నాను. రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు. మా వీధిలో రోలు లేదు కాబట్టి నా తలే పగిలింది. రెండయింది. మూడయింది. మూడుంబావుకి కరెంటు పోయింది. నాలుగున్నరకి గేటు చప్పుడైంది.

పదిహేడేళ్ల పిల్లోడు. చొక్కా నిండా రంగు మరకలు. ఆ మరకలు చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. లోపలికి పిలిచి ఫ్యాన్ కింద కూర్చోబెట్టాను. ఫ్యాన్ తిరగడం లేదనుకోండి, అయినా మర్యాద మర్యాదే. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ పెద్ద గ్లాసుతో ఇప్పించాను. గుక్కతిప్పుకోకుండా తాగి, మూతి తుడుచుకుని అన్నాడు:

"నిచ్చెన యాడుండాది సార్? అన్న ఎత్తుకు రమ్మన్నాడు."

ఆ నిచ్చెన సంగతి తమకు తెలుసు. పెయింటు మేస్త్రీ మా ఇంట్లో వదిలి వెళ్లిన ఏకైక పూచీ అది. "ఎందుకు సార్ భయపడతారు, నా నిచ్చెన మీ ఇంట్లోనే ఉండాది కదా, నేను యాడికి పోతా?" అని ఇరవైమూడు రోజులుగా చెబుతూ వచ్చాడు. నేనూ దాన్ని తాకట్టు బంగారంలా చూసుకున్నాను, ఎండకు వెదురు పగులుతుందేమోనని నీడకు కూడా జరిపాను. ఈరోజు మా ఇంటి మజ్జిగ తాగి, మా ఇంటి గేటు మేమే తీసిపెడితే, అది సైకిలు మీద అడ్డంగా కూర్చుని వెళ్లిపోయింది.

అందుకే ఈ లేఖ. మేస్త్రీ ఫోనెత్తడు, కాబట్టి నేరుగా తమకే రాస్తున్నాను.

ఆ మొదటి కోటు గారి సంగతి ఒకసారి మనవి చేస్తాను. ఆయన వచ్చింది ఒక సోమవారం పొద్దున. పన్నెండున్నరకల్లా గదంతా పని ముగించాడు. నాకు సంతోషమేసింది. "ఇదేముంది సార్, అన్నం తినేసి వస్తా, ఈలోగా ఆరతాది, సాయంకాలానికి రెండో కోటు పడిపోతాది" అన్నాడు మేస్త్రీ. అన్నం తినడానికి వెళ్లాడు. ఇరవైమూడు రోజులుగా తింటూనే ఉన్నాడు. నాకు తెలిసి మా కులదైవానికి కూడా అంత పొడుగు నైవేద్యం జరగదు.

డబ్బా మీద రాసి ఉంది, కోటుకీ కోటుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఆరనివ్వమని. నేను గుమస్తాను, లెక్క వదలను. ఇరవైమూడు రోజులంటే 552 గంటలు. ఆరు గంటలకొకటి చొప్పున వేసుకున్నా 92 కోట్లు. అవును, తొంభైరెండు కోట్లు! ఎన్నికల అఫిడవిట్లలో తప్ప ఇంత పెద్ద అంకె నేను ఇంకెక్కడా చూడలేదు. అందులో నేనడిగింది ఒక్కటి.

తమరు లేని గోడ ఎలా ఉందో తమరు చూడలేదు కదా. చెబుతాను. గుంటలు పూడ్చడానికి లప్పం పెట్టిన చోటల్లా మచ్చ కనపడుతోంది. కిటికీ పక్కన శ్రీలంక పటం ఉంది. తలుపు పైనున్న గోడ మీద చెయ్యి ఆగిన చోటల్లా రోలరు చారలు, పెరుగన్నం గిన్నెని వేలితో నాకినట్టు. మొదటి కోటుది తప్పు కాదని నాకూ తెలుసు. లప్పమూ ప్రైమరూ ఎంత పెట్టినా గోడకి దాహం పూర్తిగా తీరదు, మొదట పడ్డ రంగుని కొంత పీల్చేసుకుంటుంది. పాపం ఆయన గోడ కోసం పోయాడు. కంటికి కనపడాల్సింది తమరు. షేడ్ కార్డులో మా ఆవిడ రెండు గంటలు వెతికి వేలు పెట్టిన ఆ లేత చందనం రంగు, తమరొస్తేనే చందనం. లేకపోతే అది పులిసిన మజ్జిగ. (షేడ్ కార్డు మీద కూడా నాకు ఫిర్యాదుంది. తపాలా బిళ్లంత ముక్క చూపించి గోడంత నమ్మకం అడుగుతుంది. అది ఇంకో లేఖ.)

ఒక్క చోట మాత్రం రెండు కోట్లు శుభ్రంగా పడ్డాయి. స్విచ్చుల మీద. ఫ్యాన్ స్విచ్చు ఏదో లైటు స్విచ్చు ఏదో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

ఈ ఇరవైమూడు రోజుల కాపురం కూడా వినండి. గది మధ్యకి సామాను లాగి, పాత చీరలు కప్పి, పాతకాలపు సమాధిలా చేశారు. బీరువా తలుపు మంచానికి ఆనుకుని ఉంది. బొటనవేలు దూరే సందు తప్ప తెరుచుకోదు. నా చొక్కాలన్నీ లోపల. బయట చిక్కిన మూడు చొక్కాలతోనే ఆఫీసుకి పోతున్నాను. నేల మీద పరిచిన దినపత్రికని నడుస్తూ చదివి చదివి, మే మొదటివారం బంగారం ధర నాకు కంఠతా వచ్చింది. రాత్రిళ్లు మిద్దె మీద పడక. దోమలు మాత్రం ఏ రోజూ నాగా పెట్టలేదు. మేస్త్రీ దగ్గర కాకుండా వాటి దగ్గర పని నేర్చుకుని ఉంటే ఈపాటికి గోడ అయిపోయేది.

ఇప్పుడు అసలు కథ.

మొదటి కోటు పడింది సోమవారం కదా. మర్నాడు మంగళవారం రాత్రి గంగమ్మ జాతరకి చాటింపు వేశారు. మన ఊరివాళ్లకి చెప్పనక్కర్లేదు, ఆ వారం తిరుపతిలో ఎవరి పనీ వాళ్లది కాదు, అందరూ అమ్మవారి పనే, మొక్కుకున్నవాళ్లు రోజుకో వేషం కడతారు. మేస్త్రీది అమ్మవారి గుడి ఉన్న తాతయ్యగుంట పక్క వీధి. బుధవారం ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తి, "మొక్కుబడి ఉండాది సామీ, వేషం కట్టినాడు" అంది. మొక్కుబడి అన్నాక నేనేం మాట్లాడతాను? చెంపలేసుకున్నాను.

సాయంత్రం మా ఎదురింటాయన ఫోనులో ఫొటో చూపించాడు. బైరాగి వేషం. ఒళ్లంతా నామకొమ్ము పూసుకుని మా మేస్త్రీ. అంత తెల్లగా, అంత సమంగా, ఎక్కడా చార లేకుండా, చెవుల వెనకాల, వేళ్ల సందుల్లో కూడా వదలకుండా పూసుకున్నాడు. ఆ ఫొటోని పెద్దది చేసి మరీ చూశాను. చెవి వెనకాల కూడా పూయగలిగిన మనిషి నా గదిలో తలుపు వెనకాల ఎందుకు పూయలేదు?

గురువారం ఉండబట్టలేక నేనే వెళ్లాను. అది బండ వేషం రోజన్న సంగతి నాకు గుర్తుండాల్సింది. ఒంటి నిండా కుంకుమ పూసుకుని గుంపులో వస్తున్నాడు. నేను ఎదురెళ్లి, మెల్లగా, "మేస్త్రీ, ఆ రెండో కోటు..." అన్నాను. అంతే. బండ వేషం కట్టినవాళ్లు నోటికొచ్చిన బూతులు తిట్టడం ఆచారం. తిట్టించుకున్నవాళ్లు కోపగించుకోకూడదు, అది అమ్మవారి పేరున పడినట్టు లెక్క. నన్ను తిట్టాడు. నా గోడని తిట్టాడు. నా గోడ కట్టిన మేస్త్రీని, నాకు ఇల్లు అమ్మినవాణ్ణి, మధ్యలో షేడ్ కార్డుని కూడా తిట్టాడు. నేను చేతులు జోడించి నిలబడ్డాను. అందులో సగం మొక్కుబడి తిట్లు, సగం నాకోసం విడిగా దాచిపెట్టినవని నా అనుమానం. పక్కనున్న పెద్దాయనొకరు "మంచిదిలే నాయనా, నీకు కలిసొస్తాది" అన్నారు. నాకు కలిసి రావలసింది ఒక్క కోటు తాతా అనబోయి ఊరుకున్నాను.

శుక్రవారం తోటి వేషం, బొగ్గుపొడి. నేను వెళ్లలేదు.

జాతర అయిపోయింది. అయ్యాక ఒళ్లునొప్పులన్నాడు. తర్వాత రోలరు అరిగిపోయిందన్నాడు. తర్వాత పెళ్లి. ఆ తర్వాత అదే పెళ్లికి మరుపెళ్లి. "గోడ ఇంకా ఆరినట్టు లేదు సార్, ఒకసారి చెయ్యి పెట్టి చూడండి" అన్నాడొక రోజు. రోహిణి కార్తెలో, తిరుపతిలో! నా గొంతు ఆరింది, నా సహనం ఆరింది, మిద్దె మీద మా ఆవిడ పెట్టిన వడియాలు మూడు విడతలు ఆరాయి, గోడ మాత్రం ఆరలేదట. తర్వాత నా నంబరు చూస్తే ఎత్తడం మానేశాడు.

గంగమ్మ కథ తమకు తెలియకపోవచ్చు, డబ్బాలో ఉంటారు కదా. ఆడవాళ్లని వేధించిన పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కుంటే, వాణ్ణి వెతకడానికి అమ్మవారు రోజుకో వేషం వేసింది. బైరాగి వేషానికి వాడు రాలేదు. బండ వేషానికి రాలేదు. తోటి వేషానికీ రాలేదు. చివరికి దొర వేషం కట్టింది, ఒళ్లంతా చందనం పూసుకుని. ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. వచ్చినవాడి తల తెగింది.

నాకు అదే దారి తోచింది. ముందు మా ఆవిడ ఫోనుతో చేశాను. ఎత్తలేదు. మా ఎదురింటాయన ఫోనుతో చేశాను. "హలో" అన్నాడు, నా గొంతు విని పెట్టేశాడు. మొన్న సోమవారం ఆఫీసులో మా కొలీగ్ ఫోను అడిగి తీసుకుని, గొంతు కాస్త బరువు చేసి దొర వేషం కట్టాను. "రేణిగుంట రోడ్డులో కొత్త ఇల్లండి, మూడు బెడ్రూములు, హాలు, డూప్లెక్సు, మొత్తం కాంట్రాక్టు మీకే" అన్నాను. డూప్లెక్సు అన్న మాట పూర్తి కాలేదు, "యాడుండారు సార్? పది నిమిషాల్లో వస్తా" అన్నాడు. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ బంకు చెప్పాను. పన్నెండు నిమిషాల్లో దిగాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో షేడ్ కార్డు.

నన్ను చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

"ఏం సార్, మీరేనా! నేనే వద్దామనుకుంటా ఉండా."

అమ్మవారైతే తల నరికింది. నేను టీ ఇప్పించాను. రెండు సమోసాలు కూడా. ఆ సమోసా చేత్తో పట్టుకునే, బుధవారం రెండు గంటలకి వస్తానని గంగమ్మ తోడు వేశాడు. ఆ బుధవారమే ఈ బుధవారం.

కొండమీద ఆయన ఇల్లు చూడండి. కోయిల్ ఆళ్వార్ తిరుమంజనమని ఏటా నాలుగుసార్లు చేస్తారు: ఉగాదికి ముందు, ఆణివార ఆస్థానానికి ముందు, బ్రహ్మోత్సవాలకి ముందు, వైకుంఠ ఏకాదశికి ముందు, మంగళవారం నాడు. మూలవిరాట్టుకి వస్త్రం కప్పుతారు. గర్భాలయం నుంచి గోడలు, పైకప్పు, పూజ సామగ్రి అన్నీ కడుగుతారు. నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డ కర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచిలీగడ్డ కలిపిన పరిమళ జలం గుడంతా చల్లుతారు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నంలోపు వస్త్రం తీసేస్తారు, నైవేద్యం పెడతారు, భక్తులు లైనులోకొస్తారు. అంత పెద్ద ఇల్లు ఒక పూట! నా బీరువా మీద కప్పిన చీర ఇరవైమూడు రోజులుగా తియ్యలేదు. నాది పది అడుగులకి పన్నెండు అడుగుల గది స్వామీ, పది అడుగుల ఎత్తు, కిటికీలూ తలుపులూ తీసేస్తే నాలుగువందల చదరపు అడుగులు కూడా లేదు. ఈ మాత్రానికి నువ్వు రాలేవా?

చూశారా, మర్యాద తప్పింది. పోనీ తప్పనీ. నువ్వనే పిలుస్తాను. అసలు నువ్వెవరివి? డబ్బు తీసుకునేటప్పుడు నువ్వు ఉన్నావు. "రెండు కోట్లకి ఇంత" అని మేస్త్రీ లెక్క చెప్పినప్పుడు నీ పేరే ముందు వచ్చింది. మొదటి కోటు పడిన రోజే మూడొంతులు డబ్బు చేతిలో పెట్టాను, అందులో నీ వాటా కూడా ఉంది. ముందు జీతం తీసుకుని పనికి రాని ఉద్యోగివి నువ్వు. మేస్త్రీ పదిలీటర్ల డబ్బా కొనమని పట్టుబట్టినప్పుడే నాకు అర్థం కావలసింది. పెద్ద డబ్బాలో మేస్త్రీలకోసం కంపెనీ పెట్టే పెద్ద టోకెన్ ఉంటుంది, దానికి డబ్బులొస్తాయి. నేను నాలుగు లీటర్లే చాలని కొన్నందుకు, ఆ టోకెన్ కోపమంతా నా గోడ మీద తీర్చుకుంటున్నారు ఇద్దరూ!

నిన్న రాత్రి మా అమ్మ ఫోన్ చేసింది, పలమనేరు పక్క పల్లె నుంచి. శుక్రవారం వస్తోంది. ఆ గది ఆమెకోసమే. "ఏమిరా నాయనా, ఇంకా గోడలకి సున్నం కొట్టేది అయిపోలేదా?" అంది. సున్నం కాదమ్మా, ఎమల్షన్ అన్నాను. "ఏదైతే ఏమిలే, పూసేదే గదా" అంది.

ఆమెకి అలా అనే హక్కుంది. సంక్రాంతికి ముందు మా ఇంట్లో సున్నం నాకు బాగా గుర్తు. రాతి సున్నం కుండలో వేసి నీళ్లు పోస్తే బుసబుస ఉడికేది. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. రాత్రంతా నాననిచ్చి, పొద్దున పాత పంచెలో వడగట్టి, చిటికెడు నీలిమందు, గంజి కలిపేది. గంజి లేకపోతే గోడకి ఆనుకున్నవాడి వీపంతా సున్నమే. కిత్తనార కుంచెతో ముందు నిలువు పూత, అది ఆరాక అడ్డపూత. తడిగా ఉన్నప్పుడు గోడ మీద ఏమీ కనపడదు, నీళ్లు కొట్టినట్టే ఉంటుంది. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఇల్లంతా తెల్లగా కళ్లు జిగేలుమనేది. కింద మోకాలెత్తు వరకు ఎర్రమన్నుతో పట్టె. మూడంకణాల ఇల్లు, ఒక్కమనిషి, ఒక్క రోజు. మధ్యలో మాకు అన్నం కూడా వండి పెట్టింది. అడ్డపూతే అప్పటి రెండో కోటు, ఆ సాయంత్రమే పడేది. మా అమ్మకి ఫోన్ చేసి పిలవాల్సిన పని రాలేదు, ఎందుకంటే అప్పుడు మా ఇంట్లో ఫోనే లేదు.

ఆమెతో మాట్లాడాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఈ సాయంత్రం నిచ్చెన కూడా పోయాక, ఈ లేఖ మధ్యలో ఆపి లేచాను. ఇప్పుడు పది దాటింది. ఈ కింది భాగం చేతికి రంగుతో రాస్తున్నాను, మరకలుంటే మన్నించాలి.

మంచం కిందనుంచి డబ్బా లాగాను. మూత తెరిచాను. పైన మీగడ కట్టింది. దాన్ని తీసేసి, చీపురు పుల్లల కట్టతో తిప్పి, నీళ్లు కలిపి, నా పాత పంచెలోనే వడగట్టాను. మేస్త్రీ వదిలిన రోలరు ఎండి మొక్కజొన్న కంకిలా గట్టిపడింది. పక్క సందులో హార్డ్‌వేర్ షాపు షట్టరు సగం దించేసి ఉంటే, దాని కింద వంగి దూరి నాలుగు అంగుళాల బ్రష్షు కొనుక్కొచ్చాను. తలుపు వెనకాల మొదలుపెట్టాను, మేస్త్రీ వదిలిన చోటు. మొదట నిలువుగా ఒక గీత, దాని మీద అడ్డంగా ఒక గీత.

రెండో కోటు గారూ, కోపంలో ఏవేవో అన్నాను. నిజం చెప్పాలి కదా. తమరు పడగానే శ్రీలంక మాయమైంది. రోలరు చారలు పోయాయి. ట్యూబులైటు వెలుతురులో గోడ మీద చందనం దిగింది. మా ఆవిడ టీవీ కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇదే, ఇదే నేను చూపించింది" అంది. ఇరవైమూడు రోజుల తర్వాత ఆమె ఈ గది గురించి మంచిమాట అనడం ఇదే మొదటిసారి. అంత బాగుంటారని తెలిస్తే మీకోసం ఇంకో వారం ఎదురుచూసేవాణ్ణేమో. లేదు, చూసేవాణ్ణి కాదు.

ఒక్కటే ఇబ్బంది. నా చెయ్యి ఏడడుగుల వరకే అందుతుంది. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కబోతే మా ఆవిడ వద్దంది, నా మోకాళ్లు ఆమెతో ఏకీభవించాయి. పైన మూడడుగులు ఇంకా పులిసిన మజ్జిగ. మా పల్లె ఇంటి పట్టె కింద ఉండేది, నా పట్టె పైకెక్కింది. ఒక గోడ ఇలా అయింది, రేపు రాత్రికి మిగతా మూడు. శుక్రవారం మా అమ్మ చూసి ఏమంటుందో తెలుసు. ముందు నవ్వుతుంది. తర్వాత కొంగు బిగించి, నిచ్చెన అడుగుతుంది.

ఇట్లు,
తమ దర్శనానికి ఏడడుగుల వరకు నోచుకున్న
ఒక గృహస్థు

తా.క.: తమరు ఇంకా కొంత డబ్బాలోనే ఉన్నారు. మూత బిగించాను. ఆ పిల్లోడు మళ్లీ వస్తే మజ్జిగ ఇస్తాం, డబ్బా మాత్రం ఇవ్వం.